పారేయకండి, అందులో మైనం ఉంది

విజయవాడలో మిద్దెతోటలవారు, తేనెటీగల పెంపకందారులు కలిసి జరుపుకున్న సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు, వాటికి జవాబులు ఉన్నాయి.

అందరికీ నమస్కారమండి. తేనె గురించి మాట్లాడమని చాలామంది పిలుస్తారు. మైనం గురించి చెప్పమని అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఈ పిలుపు నాకు చాలా సంతోషం కలిగించింది. ఈ పూట తేనె జోలికి ఎక్కువగా వెళ్ళను. మైనం సంగతే చెబుతాను.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు తేనెటీగల పెట్టెలు తిప్పేవాళ్ళ దగ్గరికి తేనె తీసే రోజున వెళ్ళి చూడండి. సాయంత్రానికి తేనె డబ్బాల్లోకి ఎక్కుతుంది. తుట్టెలోని తేనె గదుల మీద నుంచి కోసిన మైనపు మూతల తుక్కు ఒక బేసిన్లో జిడ్డుజిడ్డుగా, చీమలు పట్టి ఉంటుంది. రెండు మూడేళ్ళు వాడి నల్లబడ్డ తుట్టెలు ఒక మూల గోతంలో పడి ఉంటాయి. నెల తిరక్కుండానే వాటికి పురుగు పడుతుంది. పురుగు పట్టిందని తీసుకెళ్ళి తగలబెడతారు. ఊళ్ళోనూ ఇదే తంతు. అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కిందో, వాటర్ ట్యాంకు కిందో కొండ తేనెటీగలు పెద్ద తుట్టె పెడతాయి. కాలం మారగానే ఖాళీ చేసి వెళ్ళిపోతాయి. మిగిలిన తుట్టెను ఎవరో కర్రతో పొడిచి కిందపడేసి చెత్తబండిలో వేస్తారు. ఇలా పోయేదంతా మంచి మైనం. దాన్ని ఇంట్లోనే తీసుకోవచ్చు. పెద్ద సామాను అక్కర్లేదు. కావలసింది నీళ్ళు, సన్న సెగ, కాస్త ఓపిక.

అసలు ఈ మైనం ఈగకి ఎలా వస్తుందో ముందు చెప్పుకోవాలి. తేనె, పుప్పొడి బయటి నుంచి తెచ్చుకుంటుంది గానీ మైనం మాత్రం ఈగ ఒంట్లోనే తయారవుతుంది. కూలి ఈగకి సుమారు 12 నుంచి 18 రోజుల వయసులో పొట్ట అడుగున ఉండే నాలుగు జతల గ్రంథులు బాగా పనిచేస్తాయి. వాటి నుంచి మైనం సన్నటి రేకులుగా బయటికి వస్తుంది. ఆ రేకును కాళ్ళతో నోటి దాకా తెచ్చుకుని, నమిలి మెత్తబరిచి, గది గోడకి అంటిస్తుంది. ఒక్కో రేకు బరువు సుమారు ఒక మిల్లీగ్రాము. అంటే కిలో మైనానికి పది లక్షల రేకులు కావాలి. కిలో మైనం తయారుచెయ్యాలంటే ఈగలు ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తినాలని పెంపకందారులు లెక్క వేస్తారు. తుట్టెను తగలబెట్టేటప్పుడు ఈ లెక్క గుర్తుకు వస్తే చెయ్యి ఆగుతుంది. నాకైతే ఆగింది.

సరే, పనిలోకి వద్దాం. మన చేతికి వచ్చే మైనం రెండు రకాలు. మొదటిది మూతల మైనం. తేనె పండాక ఈగలు గది మీద వేసే కొత్త మూత ఇది. దీంట్లో పిల్లలు పెరగలేదు, అందువల్ల శుభ్రంగా, లేత పసుపు రంగులో ఉంటుంది. వంద కిలోల తేనె తీస్తే కిలో నుంచి రెండు కిలోల దాకా మూతల మైనం వస్తుంది. రెండోది పాత తుట్టె. పిల్లలు పెరిగిన గదులు. ఒక్కో పిల్ల ఈగగా మారి బయటికి వెళ్ళేటప్పుడు తన పట్టుగూడును, మలాన్ని గదిలోనే వదిలేస్తుంది. కూలి ఈగలు దాన్ని పుప్పొడి, జిగురుతో మెత్తి శుభ్రం చేసుకుంటాయి. అలా పొర మీద పొర పడి గది నల్లబడుతుంది, ఇరుకవుతుంది. ఇరుకు గదిలో పెరిగిన ఈగ చిన్నదవుతుంది. రోగాలు కూడా ఆ పొరల్లోనే దాక్కుంటాయి. అందుకే రెండు మూడేళ్ళకి ఒకసారి పాత తుట్టెలు మార్చమంటారు. మైనం మనకి వస్తుందని కాకపోయినా, ఈగల ఆరోగ్యం కోసమైనా వాటిని తీసెయ్యాల్సిందే.

ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి. నేను ఈ పూట చెప్పే మాటల్లో ఇది ముఖ్యమైనది. పావుకిలో నల్ల తుట్టె కిలో మూతల మైనం రంగును, వాసనను పాడుచేస్తుంది. రంగుతోనే పోతే పరవాలేదు. మన ప్రాంతంలో మిరప ఉంది, పత్తి ఉంది. మందు కొట్టకుండా ఆ పంటలు వేసేవాళ్ళు చాలా తక్కువ. కొవ్వులో కరిగే మందులు మైనంలోకి చేరి అక్కడే ఉండిపోతాయి. తుట్టె ఎంత పాతదైతే అంత పేరుకుంటాయి. కాచినా, వడగట్టినా అవి పోవు. అందుకే పెదవులకి, పాదాలకి రాసుకునే మందుకి మూతల మైనమే వాడండి. నల్ల తుట్టె నుంచి వచ్చింది కొవ్వొత్తులకి, చెక్క పాలిష్‌కి, దారానికి పనికొస్తుంది. మా ఇంట్లో రెండింటికీ డబ్బాలు వేరు, గిన్నెలు వేరు, వడగట్టే గుడ్డలు కూడా వేరు.

ఇప్పుడు నీళ్ళు. తుట్టె ఎంత మంచిదైనా నీళ్ళు బాగుండకపోతే మైనం బాగా రాదు. గుంటూరు బోరు నీళ్ళు మీకు తెలుసు కదా, గీజర్ రాడ్డు మీద తెల్లగా గట్టిగా పట్టే సున్నం. ఆ సున్నం మైనంలోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటిదాన్ని తయారుచేస్తుంది. అప్పుడు మైనం, నీళ్ళు విడిపోకుండా కలిసిపోయి, చల్లారాక బిళ్ళ అడుగున బూడిదరంగు గుజ్జు మిగులుతుంది. చాలామంది దాన్ని మురికి అనుకుని గీకి పారేస్తారు. అందులోనూ మైనం ఉంది. వాన నీళ్ళు పట్టుకుంటే అంతకంటే మంచిది లేదు. అవి లేకపోతే ఆర్‌ఓ నీళ్ళు వాడండి. అదీ కుదరకపోతే బోరు నీళ్ళలోనే లీటరుకి ఒకటి రెండు చెంచాల వెనిగర్ కలపండి. గుజ్జు పట్టిన మైనాన్ని కూడా మంచి నీళ్ళలో కాస్త వెనిగర్ వేసి మళ్ళీ సన్న సెగ మీద కరిగించి, చాలాసేపు కదపకుండా ఉంచితే చాలావరకు విడిపోతుంది.

గిన్నె స్టీలుది తీసుకోండి. ఇనుము, రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న బకెట్లు మైనాన్ని రంగు మారుస్తాయి. ఇనప మూకుట్లో కాస్తే గోధుమరంగుకి తిరుగుతుంది. రాగిలో కాస్తే పచ్చటి ఛాయ వస్తుంది. ఇంకో మాట, ఆ గిన్నెని మళ్ళీ వంటకి వాడదామనుకోకండి. పాత తపేలా ఒకటి దీనికే కేటాయించండి.

మూతల మైనం పని తేలిక. కోసిన మూతలని చిల్లుల పళ్ళెంలో వేసి, కింద గిన్నె పెట్టి, పైన మూత పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. తేనె దానంతట అదే కారిపోతుంది. అది మంచి తేనె, ఇంట్లో వాడుకోవచ్చు. తొందరపడి వేడి చేసి తేనెని, మైనాన్ని ఒకేసారి తీద్దామనుకుంటే తేనె మాడి చెడిపోతుంది. ఆ మాడిన తేనెని ఈగలకి పెట్టడం ఇంకా తప్పు, వాటి కడుపు చెడుతుంది. కారాక మిగిలిన తుక్కుని చల్లటి నీళ్ళలో రెండు మూడుసార్లు కడగండి. చేతికి జిడ్డు తగలకపోతే చాలు. ఆ తీపి నీళ్ళని మేడ మీద బయట పెట్టొద్దు. వాసనకి చుట్టుపక్కల ఈగలన్నీ దోపిడీకి వస్తాయి. దోపిడీ మొదలైతే బలహీనమైన పెట్టె ఆ పూటతో ఖాళీ. అందుకే ఈ పని తలుపులు, కిటికీలు వేసుకునో, చీకటి పడ్డాకో చేసుకోండి.

కడిగిన తుక్కుని తపేలాలో వేసి, మునిగేంతవరకు నీళ్ళు పోసి, సన్న సెగ మీద పెట్టండి. మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్ళు మరిగేది వంద దగ్గర. అంటే నీళ్ళు మరగాల్సిన అవసరమే లేదు. 85 డిగ్రీలు దాటాక రంగు ముదరడం మొదలవుతుంది. తెర్లనిస్తే మైనం, నీళ్ళు చిలికినట్టు కలిసిపోతాయి. వంటింట్లో థర్మామీటర్ లేకపోయినా ఒక గుర్తు ఉంది. గిన్నె అంచుల్లో చిన్న చిన్న బుడగలు మొదలవగానే సెగ తగ్గించండి. అంతా కరిగాక నిదానంగా ఒకసారి కలిపి, పలచటి కాటన్ పంచె ముక్క గుండా ఇంకో గిన్నెలోకి వడపోయండి. పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండే గిన్నె అయితే చల్లారాక బిళ్ళ తేలిగ్గా ఊడుతుంది.

ఇక అసలు ఓపిక ఇక్కడ కావాలి. ఆ గిన్నెకి మూత పెట్టి, పాత దుప్పటో, గోనెసంచో చుట్టి తెల్లారేదాకా కదపకండి. ఎంత నిదానంగా చల్లారితే మురికి అంత బాగా అడుక్కి దిగుతుంది. ఫ్యాను కింద పెడితే పైన ముందు గడ్డకట్టి, బిళ్ళ పగుళ్ళు తేలుతుంది, మురికి మధ్యలోనే ఇరుక్కుపోతుంది. మైనం నీటికంటే తేలిక, కాబట్టి పైన బిళ్ళగా తేలుతుంది. పొద్దున్న అంచులు సడలించి తీసి, అడుగున పట్టిన గోధుమరంగు పొరని చాకుతో గీకండి. గీకిందాన్ని పాత తుట్టెల సంచిలో పడేస్తే అదీ వృథా పోదు.

పాత తుట్టె సంగతి వేరు. చాలామంది ఇక్కడే విసిగిపోయి మానేస్తారు. ఇంత పెద్ద తుట్టె కాస్తే ఇంతే వచ్చిందేమిటి అంటారు. కారణం ఆ పట్టుగూళ్ళు. వేడి తగలగానే అవి స్పాంజిలా కరిగిన మైనాన్ని పీల్చుకుంటాయి. ఒకసారి పీల్చాక వదలవు. దీనికి విరుగుడు చాలా సులువు. అవి మైనం పీల్చే లోపలే నీళ్ళు పీల్చేలా చెయ్యాలి. తుట్టెని పెట్టెలోని చెక్క ఫ్రేము నుంచి కోసి, తీగలు తీసేసి, అరచేతి వెడల్పు ముక్కలుగా విరిచి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టండి. తేలకుండా పైన ఒక రాయి పెట్టండి. నీళ్ళు టీ డికాక్షన్ రంగుకి తిరుగుతాయి. వాటిని పారబోసి ఇంకోసారి కొత్త నీళ్ళు పొయ్యండి. మిద్దెతోటవాళ్ళు ఆ నల్ల నీళ్ళని మొక్కల మొదట్లో పోసుకోవచ్చు.

నానిన ముక్కల్ని గట్టి కాటన్ సంచిలో వేసి మూతి బిగించి కట్టండి. బియ్యం పట్టే కోరా గుడ్డ సంచి అయితే బాగుంటుంది. గోనెసంచి అయితే పీచు మైనంలోకి దిగుతుంది. ఆ మూటని పెద్ద తపేలాలో పెట్టి, పైన శుభ్రమైన రాయి బరువుగా పెట్టి, మూట పైన నాలుగు వేళ్ళు నిలిచేలా నీళ్ళు పోసి, సన్న సెగ మీద గంటసేపు ఉంచండి. మధ్యమధ్య చెక్క తెడ్డుతో మూటని అదమండి. అదిమినప్పుడల్లా పసుపు చుక్కలు పైకి తేలుతుంటాయి. చుక్కలు రావడం ఆగిపోయిందంటే ఇక ఆ మూటలో వచ్చేదంతా వచ్చినట్టే. అప్పుడు మంట ఆర్పి, మందపాటి చేతిగుడ్డలు పెట్టుకుని, మూటని తపేలా మీదే రెండు కర్రల మధ్య పెట్టి పిండండి. ఇది ఒక్కరు చేసే పని కాదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

కొత్త తుట్టె అయితే దాదాపు అంతా మైనమే. బాగా పాతబడ్డదానిలో సగానికి సగం పట్టుగూళ్ళు, మడ్డి ఉంటాయి. అందువల్ల తక్కువ వచ్చిందని దిగులు పడకండి. మొదటిసారి కాచినప్పుడు వచ్చిన బిళ్ళని రెండోసారి, ఈసారి గిన్నెలో గిన్నె పెట్టి, మంచి గుడ్డతో వడగట్టాలి. అప్పటికి తేనెవాసన తెలుస్తుంది. నల్ల తుట్టె నుంచి వచ్చిన మైనం లేత పసుపు అవ్వదు, ముదురు పసుపులో ఆగుతుంది. అది దాని రంగు. బ్లీచింగ్ చేసే మందులు ఏవీ కలపకండి.

మంట గురించి కొంచెం నిలబడి చెప్పాలి. నీళ్ళు మరిగితే మనకి తెలుస్తుంది, బుడగలు వస్తాయి, ఆవిరి వస్తుంది. మైనం విడిగా పొయ్యి మీద ఉంటే ఏ గుర్తూ చూపించదు. అది మరగదు. నిమ్మళంగా కనపడుతూనే వేడెక్కుతూ పోతుంది. 200 డిగ్రీలు దాటితే దాని పొగే అంటుకుంటుంది. అందుకే ఉత్త మైనాన్ని నేరుగా గ్యాస్ పొయ్యి మీద ఎప్పుడూ పెట్టకండి. కింద నీళ్ళ గిన్నె, అందులో మైనం గిన్నె. ఇండక్షన్ స్టవ్ ఉంటే ఇంకా నయం, మంటే ఉండదు కదా. పక్కనే సరిగ్గా సరిపోయే మూత ఉంచుకోండి. అంటుకుంటే మూత పెట్టి పొయ్యి ఆపెయ్యాలి. నీళ్ళు పోశారంటే ఆ నీళ్ళు క్షణంలో ఆవిరై మండే మైనాన్ని గదంతా చిమ్ముతాయి. వంటనూనె మంటకి చెప్పే జాగ్రత్తే ఇదీ. ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ కొట్టినా ముందు పొయ్యి ఆపండి.

ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. పొద్దున్న బిళ్ళ తియ్యకుండా, కింద నీళ్ళు ఉండగానే గిన్నెని మళ్ళీ పొయ్యి మీద పెట్టేవాళ్ళున్నారు. కింద నీళ్ళు ఆవిరవుతాయి, పైన గట్టి బిళ్ళ మూతలా బిగుసుకుని ఉంటుంది. ఆవిరికి దారి లేక ఒక్కసారిగా పగిలి వేడి మైనం ముఖం మీదకి చిమ్ముతుంది. బిళ్ళ తీసి, ముక్కలు చేసి, అప్పుడే మళ్ళీ కరిగించండి. వేడి మైనం ఒంటి మీద పడితే పీకకండి. వెంటనే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

గ్యాస్ అంటే భయమున్నవాళ్ళకి మన ఊరు ఇచ్చిన గొప్ప వరం ఎండ. రెంటచింతల పేరు చెబితే రాష్ట్రమంతా వడగాలి గుర్తొస్తుంది. విజయవాడ మేడల మీద రోహిణి కార్తెలో చెప్పులు లేకుండా అడుగు పెట్టలేం. ఆ ఎండలో అద్దం మూత ఉన్న ఒక చెక్కపెట్టె పెట్టండి. లోపలి వేడి మైనం కరిగే స్థాయిని సునాయాసంగా దాటుతుంది. పెట్టె లోపల వాలుగా స్టీలు రేకు, దాని మీద గుడ్డలో చుట్టిన మూతల మైనం, వాలు చివర కొద్దిగా నీళ్ళు పోసిన చిన్న గిన్నె. అద్దం ఎండకి ఎదురుగా వాల్చాలి. పెట్టె బయట నల్లరంగు వేస్తే మంచిది. సందులు లేకుండా చూసుకోండి, లేకపోతే వాసనకి ఈగలు లోపలికి దూరి మాడి చచ్చిపోతాయి. సాయంత్రానికి గిన్నెలో పసుపు బిళ్ళ తయారు. ఎండ తగలడంతో రంగు కూడా తేలుతుంది. మార్చి నుంచి జూన్ దాకా మూతల మైనానికి నేను వేరే పద్ధతి వాడను. పాత తుట్టెకి మాత్రం ఇది చాలదు. పట్టుగూళ్ళు మైనాన్ని వదలవు కాబట్టి దానికి నీళ్ళలో కాచడమే సరి.

కాచిన మైనాన్ని ఏం చేసుకోవాలన్నది మీ ఇష్టం. ఈగలు పెంచేవాళ్ళైతే మొదటి హక్కు ఈగలది. ఈగలు తుట్టె కట్టుకోవడానికి పునాదిగా ఉండే మైనపు షీట్లు పోయించుకుని మళ్ళీ ఫ్రేముల్లో పెట్టండి. బజార్లో దొరికే షీట్లలో పారాఫిన్ అనే పెట్రోలియం మైనం, స్టియరిన్ అనే కొవ్వు పదార్థం కలిపే మోసం దేశదేశాల్లో ఉంది. స్టియరిన్ కలిసిన షీటు మీద పెట్టిన పిల్లలు చచ్చిపోతాయి. మీ మైనం మీదైతే ఆ టెన్షన్ లేదు. పాదాల పగుళ్ళకి ఒక పాలు మైనం, ఐదు పాళ్ళు నువ్వుల నూనె గిన్నెలో గిన్నె పెట్టి కరిగించి డబ్బాలో పోసుకోండి. మన ఎండలకి మరీ జారుగా అనిపిస్తే నూనె నాలుగు పాళ్ళకి తగ్గించండి. ఆయుర్వేదంలో సిక్థ తైలం అనేది ఇదే.

ఇక నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి. నూజివీడు ఇక్కడికి ఎంతో దూరం లేదు, వీణల తయారీకి పేరున్న ఊరు. వీణ మీద 24 మెట్లు ఉంటాయి. ఆ ఇత్తడి మెట్లని మేకులతో కొట్టరు. మైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం కలిపి దండి మీద రెండు వైపులా నల్లటి గట్టు కట్టి, అందులో మెట్లు నిలబెడతారు. స్వరం ఎక్కడ పలకాలో చెవితో చూసుకుని మెట్టుని అటూ ఇటూ జరిపి కూర్చోబెడతారు. మైనం కాబట్టే జరపడం కుదురుతుంది. ఏళ్ళు గడిచాక స్వరం తప్పితే మళ్ళీ వేడి చేసి సరిచేస్తారు. ఇటు మచిలీపట్నం వైపు చూడండి. ఒకప్పుడు సముద్రాలు దాటి వెళ్ళిన కోరమండల్ అద్దకపు బట్టల్లో నీలిమందు అంటకూడని చోట మైనం పూసేవారు. బట్టని నీలిలో ముంచాక మైనం తీసేస్తే అక్కడ తెల్లగా ఉండిపోయేది. ఆదిలాబాద్‌లో ఓజాలు అనే ఇత్తడి పనివాళ్ళు ఈనాటికీ మైనంతో అచ్చుచేసి ఇత్తడి బొమ్మలు పోస్తున్నారు. వీళ్ళందరికీ కావలసింది కల్తీలేని మైనం. అది మన చెత్తబండిలో పోతోంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

కుక్కర్లో పెడితే త్వరగా అవుతుంది కదా అని ముందు వరసలో అమ్మగారు అడుగుతున్నారు. వద్దమ్మా. తుట్టె తుక్కు, మైనం పొంగి వెయిట్ రంధ్రంలో అడ్డుపడితే కుక్కర్ పేలుతుంది. పైగా అంత వేడి మైనానికి అక్కర్లేదు.

మా అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద పెద్ద తుట్టె ఉంది, తీయించి కాచొచ్చా? ఈగలు ఉండగా తియ్యకండి బాబూ. అవి వలస వెళ్ళేదాకా ఆగండి, అటుగా లైట్లు వెయ్యకుండా, పొగ పెట్టకుండా ఉంటే వాటి మానాన అవి ఉంటాయి. వెళ్ళాక, ఎత్తు పనికి అలవాటుపడ్డ మనిషితో, తాడు కట్టించి మరీ దింపించండి. దింపిన వారంలోపే కాచెయ్యండి, లేకపోతే పురుగు పడుతుంది. వెంటనే కుదరకపోతే కవర్లో చుట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్లో పెడితే పురుగు గుడ్లతో సహా చస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. ఎవరైనా పెస్ట్ కంట్రోల్ వాళ్ళు మందు కొట్టి ఈగల్ని చంపిన తుట్టె అయితే ముట్టుకోకండి. ఆ మందు మైనంలోనే ఉంటుంది. అది చెత్తలోకే పోవాలి.

కొన్న మైనం అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? చల్లగా ఉన్నప్పుడు విరిస్తే విరిగిన చోట రవ్వరవ్వగా కనపడాలి. చేతిలో కాసేపు పట్టుకుంటే తేనె వాసన రావాలి. ఏ వాసనా లేకుండా జారుతూ ఉంటే పారాఫిన్ కలిసిందని అనుమానించాలి. కొంచెం కొంచెం కలిపితే ఇంట్లో పట్టుకోలేం, ల్యాబ్‌లోనే తేలుతుంది. కొన్నాళ్ళకి పైన తెల్లటి పొడి పొర వస్తే భయపడకండి. అది బూజు కాదు, అసలు మైనానికి సహజంగా పట్టేదే. మెత్తటి గుడ్డతో గట్టిగా తుడిస్తే పోతుంది.

సింకులో పోయొచ్చా అని ఎవరో అడిగారు. అస్సలు వద్దు. పైపులో గడ్డకడితే ప్లంబర్ రావాల్సిందే. గిన్నెలు వేడిగా ఉండగానే పాత న్యూస్‌పేపర్‌తో తుడవండి. ఆ కాగితాలు పొయ్యి రాజెయ్యడానికి బాగా పనికొస్తాయి. గచ్చు మీద పడితే చల్లారాక పాత ఏటీఎం కార్డుతో గీకండి. బట్ట మీద పడితే పైన కింద కాగితం పెట్టి ఇస్త్రీ చెయ్యండి, మైనం కాగితంలోకి దిగుతుంది.

వడగట్టాక సంచిలో మిగిలిన నల్లటి మడ్డి ఏం చెయ్యాలి? మట్టిలో కలిపి కంపోస్టు గుంటలో వెయ్యండి, నిదానంగా మురుగుతుంది. ఎండబెట్టి ఉండలు చేసుకుంటే పొయ్యి రాజెయ్యడానికి వస్తాయి.

చివరి ప్రశ్న, మిద్దెతోట ఉన్న అమ్మాయి అడుగుతున్నారు, ఈగల్ని కొనకుండా మా తోటకి రప్పించుకోగలమా అని. చాలా మంచి ప్రశ్నమ్మా. మన దేశీ ఈగలు, చీకటి తొర్రల్లో ఉండేవి, గుంపుగా విడిపోయి కొత్త ఇల్లు వెతుక్కునేటప్పుడు మైనం వాసన ఉన్న చోటుని ఇష్టపడతాయి. ఖాళీ పెట్టె లోపలి గోడలకి, ఫ్రేముల పైకర్రలకి కరిగించిన మైనాన్ని బ్రష్‌తో పలచగా పూయండి. రోగం లేని పెట్టె నుంచి వచ్చిన మైనమే వాడాలి. ఎవరి దగ్గరో తెచ్చిన తుట్టె అయితే పూయొద్దు. కాచినా చావని రోగాలు కూడా ఉన్నాయి. 1991 తరవాత థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో ఈ దేశీ ఈగల్ని ఎంతగా తుడిచిపెట్టిందో పాత పెంపకందారులు చెబుతారు. పెట్టెని మేడ మీద నీడలో, ద్వారం తూర్పు వైపు ఉండేలా, కాళ్ళ కింద చీమలు ఎక్కకుండా నీళ్ళ గిన్నెలు పెట్టి ఉంచండి. పక్కన వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పొయ్యండి, ఈగలు మునక్కుండా తాగుతాయి. మునగ, వేప పూతల సమయానికి పెట్టె సిద్ధంగా ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. మూడు రకాల మైనం బిళ్ళలు బల్ల మీద పెట్టాను, ఒకటి ఎండలో కరిగించిన మూతలది, ఒకటి నీళ్ళలో కాచిన పాత తుట్టెది, మూడోది బోరు నీళ్ళ గుజ్జు పట్టింది. వచ్చి చేత్తో పట్టుకుని, వాసన చూడండి.